బురద బరువు

బస్సుల డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు బస్సులు కడిగి రిటైరైన మనిషి ఇంట్లో ఊరికే కూర్చుంటాడనుకోవడం ఆయన భార్య చేసిన పొరపాటు. వారం తిరక్కుండానే కిటికీ ఊచలు, స్విచ్చులు, కుక్కరు అడుగు, ఆఖరికి పక్కింటివాళ్ల గేటు కూడా అద్దంలా మెరవడం మొదలుపెట్టాయి.

"ఏమండీ, ఇంకో నెల పోతే నన్ను కూడా తోమేసేలా ఉన్నారు. మీకు దండం పెడతాను, కాసేపు ఎక్కడికైనా వెళ్లిరండి" అంది ఆవిడ.

ఆయన భుజాన ఒక పాత గుడ్డ వేసుకుని మేనల్లుడి మెకానిక్ షెడ్డుకు వెళ్లాడు. మూడో రోజుకల్లా అక్కడ స్పానర్లు కూడా మెరిశాయి. తళతళ మామయ్య అన్న పేరు అప్పుడే స్థిరపడింది.

మేనల్లుడికి రేసుల పిచ్చి. షెడ్డు వెనక రేకుల కింద పన్నెండేళ్ల పాత కారొకటి పెట్టుకుని, తన ఆదివారాలన్నీ దానికే ధారపోసేవాడు. దాన్ని నడిపేది డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే టీచరమ్మ. వారమంతా "క్లచ్ మెల్లగా వదలండి సార్, తొందరేం లేదు" అని జనానికి నేర్పి, రేసు రోజున సగం తారు, సగం మట్టి ఉన్న ట్రాక్ మీద ఆ కారును గాల్లోకి లేపేది. జట్టు మొత్తం ఇంతే. పోయినేడు ఆరు రేసుల్లోనూ ఆఖరి స్థానాన్ని వీళ్లు ఎవరికీ వదిలిపెట్టలేదు. మిగతా జట్లకు పెద్ద లారీలు, స్పేరు ఇంజన్లు, ఒకే రంగు చొక్కాలు వేసుకున్న పదేసి మంది మనుషులు. వీళ్ల కారేమో కూరగాయల వ్యాన్ వెనక తాడు కట్టించుకుని వచ్చేది. పెద్ద లారీలవాళ్లు దాన్ని చూసి నవ్వేవారు. నవ్వడానికేం, పళ్లుంటే చాలు.

ఈ ఏడు మేనల్లుడు ఒక లెక్క వేశాడు. ఇంజన్ బలం పెంచడం తన వల్ల కాదు, బండి బరువు తగ్గించడం మాత్రం అవుతుంది. వెనక సీటు పీకేశాడు, తలుపుల లోపలి అట్టలు తీసేశాడు, అక్కర్లేని ప్రతి బోల్టూ విప్పేశాడు. అయితే దానికొక కట్టడి ఉంది. రేసు అవగానే మొదట వచ్చిన మూడు కార్లనూ, డ్రైవరు సీట్లో ఉండగానే, తూకం మీదికి ఎక్కిస్తారు. తొమ్మిదివందల కిలోలకు ఏమాత్రం తగ్గినా ఆ ఫలితం రద్దు. మేనల్లుడు కారును సరిగ్గా ఆ గీత దగ్గరికి తెచ్చి ఆపాడు.

తళతళ మామయ్య పని రేసుకూ రేసుకూ మధ్య కారు తుడవడం. ఊరికే తుడవడం కాదు. గుడ్డతో పాటు ఆయన అరచెయ్యి కూడా ఇనుము మీద నడుస్తుంది. రెండో రేసు రోజు పొద్దున ముందు చక్రం దగ్గర బురద తుడుస్తూ ఆగిపోయి, "ఒరేయ్, ఇక్కడ వెంట్రుకేదో అంటుకుంది, రావడం లేదు" అన్నాడు. మేనల్లుడు వంగి చూశాడు. అది వెంట్రుక కాదు, పగులు. అలాగే వెళ్లి ఉంటే మొదటి మలుపులోనే చక్రం ఊడిపోయేది. ఆ రేసులో టీచరమ్మ మూడోది వచ్చింది. ఆ తర్వాతి దాంట్లో రెండోది. పెద్ద లారీలవాళ్లు నవ్వడం మానేశారు.

నాలుగో రేసు ఆమె గెలిచింది. నిజంగానే గెలిచింది. మేనల్లుడు పట్టలేని సంతోషంతో ఎవరో తెలియని మనిషిని కౌగిలించుకున్నాడు. తళతళ మామయ్య సంతోషం వేరే రకం. తూకం దగ్గర వరసలో ఆగిన కారును చూస్తే ఆయన ప్రాణం ఉసూరుమంది. గెలిచిన బండి, నలుగురూ ఫొటోలు తీస్తారు, ఆ అవతారమేమిటి? వరసలో కారుకు ఏదీ కలపకూడదు గానీ, తీస్తే అడిగేవాడు లేడు. ఆయన గుడ్డ తీశాడు. చక్రాల పైనున్న మట్టి గీకాడు, టైర్లకు అంటుకున్న రబ్బరు ముద్దలు ఒలిచాడు, పెళ్లికూతురిని చేసి పంపాడు.

తూకం నాలుగువందల గ్రాములు తక్కువ చూపించింది.

గెలుపు రద్దయింది. మామయ్యకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కాళ్ల దగ్గర తాను గీకిన మట్టి కుప్ప చూశాక అర్థమైంది. ఆయనను ఎవరూ ఒక్క మాట అనలేదు. "తప్పు నాదే మామయ్యా, మరీ అంచుదాకా తెచ్చాను" అన్నాడు మేనల్లుడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. మర్నాటినుంచి షెడ్డు వైపు వెళ్లలేదు. ఇంట్లో ఉండి కూడా దేన్నీ తుడవలేదు. అది చూసి భార్య నిజంగా భయపడింది.

అయిదో రేసులో కారు అయిదోది వచ్చింది. ఎక్కడో సన్నగా ఆయిల్ కారుతోంది, మురికిలో ఎవరికీ కనపడలేదు. ఆ సాయంత్రమే మేనల్లుడు, టీచరమ్మ ఇంటికొచ్చారు.

"మీరు రావాలి మామయ్యా. ఆఖరి రేసులో మొదటి ముగ్గురిలో ఉంటే, పాయింట్ల లెక్కన చిన్న జట్లకిచ్చే కప్పు మనదే" అన్నాడు మేనల్లుడు.

"నా చెయ్యి మంచిది కాదురా."

"కారు మీద మీ చెయ్యి పడకపోతేనే నాకు భయం మామయ్యగారూ. ఆ చక్రం ఊడితే అందులో ఉండేది నేను కదా" అంది టీచరమ్మ.

భార్య లోపల్నుంచి వచ్చి గుడ్డ తెచ్చి భర్త భుజాన వేసింది. "తూకం అయ్యేదాకా ముట్టుకోకండి. అయ్యాక మీ ఇష్టం. అంతేగా, దానికింత మథనం ఎందుకు?" అంది. ఆవిడకు అన్నీ తేలికే.

ఆఖరి రేసు రోజు వాన. మేనల్లుడు ఈసారి జాగ్రత్తపడి సీటు కింద కిలోన్నర ఇనుప కడ్డీ బిగించాడు. తళతళ మామయ్య పొద్దున కారంతా తుడిచి, తడిమి, బాగుందని చెప్పాడు. తర్వాత తన గుడ్డను, రేసు చూడ్డానికి వెంట వచ్చిన భార్యకు ఇచ్చేశాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి కదా, తన మీద తనకు నమ్మకం లేదు.

టీచరమ్మ మూడోది వచ్చింది. కానీ సగం దూరంలో ఎవరో గుద్దితే ముందు బంపరు ముక్క ఊడి బురదలో పడిపోయింది. అది కిలోన్నర పైనే ఉంటుంది. మేనల్లుడు వేళ్ల మీద కూడికలు, తీసివేతలు చేస్తున్నాడు. కారు వరసలో నిలబడింది, అడుగునుంచి పైదాకా బురద. తళతళ మామయ్య చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. చేతులు దురద పెట్టాయి.

తూకం అధికారి గొడుగు కిందనుంచే, "పెద్దాయనా, ఈ తలుపు మీద నంబరు కనపడట్లేదు. కాస్త తుడవండి" అన్నాడు.

జీవితంలో మొదటిసారి, ఎవరో తుడవమంటే ఆయన కదల్లేదు.

"పదిహేడండీ" అన్నాడు.

"నేను చూసి రాసుకోవాలండీ."

"అటు తలుపు మీద కూడా ఉందండీ. నాలుగడుగులు వేయండి, ఒంటికి మంచిది."

అధికారి ఆయనను ఎగాదిగా చూసి, గొణుక్కుంటూ కారు చుట్టూ తిరిగివెళ్లి నంబరు రాసుకున్నాడు. కారు తూకం ఎక్కింది. అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. తొమ్మిదివందల కిలోల మూడువందల గ్రాములు.

అధికారి కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. టీచరమ్మ సీట్లోనే తల వెనక్కి వాల్చి ఏడ్చింది. మేనల్లుడు మామయ్యను నడుం పట్టుకుని ఎత్తేశాడు. ఆయన మాత్రం, "ఒరేయ్ దించు, నడుం విరుగుతుంది" అంటూనే ఆ తలుపు వైపే చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున షెడ్డులో అందరికంటే ముందు ఆయనే ఉన్నాడు. నీళ్లు పట్టలేదు. నంబరున్న ఆ తలుపు మీది బురదను, ఎండిపోయినదాన్ని, ఒక్క పొడి రాలకుండా డబ్బాలోకి గీకాడు. ఇంటికి తెచ్చి భార్య వంటింటి తక్కెడలో పోశాడు. ఆవిడ కళ్లెర్రజేసింది గానీ ఆయన మొహం చూసి ఊరుకుంది.

నాలుగువందల పది గ్రాములు.

ఆయన రెండుసార్లు తూచాడు. నిన్న తూకంలో గీత పైన మిగిలింది మూడువందలే. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని, నాలుగో రేసు నుంచీ గుండెలో ఉన్నదంతా పోయేలా నవ్వాడు. నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. భార్య కొంగుతో ఆయన కళ్లు తుడిచింది.

కప్పు షెడ్డులో ఉంది. బురద డబ్బా ఆయన ఇంట్లో, టీవీ పక్కన ఉంది. దానిమీద దుమ్ము పడితే ఆయన ఊరుకోడు, రోజూ పొద్దున్నే తుడుస్తాడు.