పళ్లు కట్టే అక్క రాసిన చైనా కథ

మొన్న ఆదివారం మా అన్న మనవరాలు నెల్లూరు నుంచి వచ్చింది. భోజనాలయ్యాక నా మంచం మీద బోర్లా పడుకుని, ఫోనులో వార్తలు చూస్తూ ఒకటి నాకు చదివి వినిపించింది. చైనాలో పుట్టిన ఒకావిడ చిన్నప్పుడే ఆ దేశం విడిచి, ఇంకెక్కడో దూరదేశంలో స్థిరపడి, అక్కడివాళ్ల భాషలోనే నవలలు రాసి గొప్ప బహుమతి అందుకున్నదట. "పుట్టిన భాష గాని భాషలో ఎట్ట రాస్తారవ్వా?" అని దానికి ఆశ్చర్యం. "ఎందుకు రాయరు? మన ఉదయగిరిలో చైనా ఆమె తెలుగులో రాయలా?" అన్నాను. అది ఫోను పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. వయసు మీదపడి నా మాట తడబడుతోందేమోనని దాని అనుమానం.

దాని అనుమానంలో తప్పేమీ లేదు. నా ఈడువాళ్లలోనే ఆ సంగతి ఇంకా గుర్తున్నవాళ్లు కొద్దిమంది. వారపత్రిక వచ్చే రోజున బస్టాండులో పుస్తకాల కొట్టు ముందు నిలబడి, కట్ట విప్పడానికి ముందే చెయ్యి చాపిన తరం మనది. మీలో చాలామంది ఆమె కథలు చదివే ఉంటారు. వాన కోసం ఆకాశం వంక చూసే మెట్ట రైతు ఇళ్లు, నోరున్న అత్తలు, నోరు మెదపని కోడళ్లు, వేరుశనక్కాయలు ఒలుస్తూ లోకాన్నంతా దుమ్మెత్తిపోసే ముసలమ్మలు. కథ కింద పెట్టుకున్న తెలుగు పేరు చూసి ఏ మేష్టరుగారి భార్యో, ఏ కరణంగారి కోడలో రాస్తోందని అనుకుని ఉంటారు. నేనూ అలాగే అనుకున్నదాన్ని.

మాది ఆత్మకూరు. తెలుగు పండితురాలిగా నాకు మొదటి ఉద్యోగం ఉదయగిరిలో వచ్చింది. నాయన నన్ను బస్సులో తీసుకొచ్చి, కొండవైపు వీధిలో ఒక గది చూసి, పక్క వాటాలో ఎవరుంటారోనని తొంగిచూశాడు. ఆ వాటా ముందుగదిలో ఒక గాజు బీరువా, అందులో సుద్దతో పోతపోసిన దవడలు, గులాబీరంగు చిగుళ్లతో కట్టుడు పళ్లు వరుసగా మమ్మల్ని చూసి నవ్వుతున్నాయి. వాటి వెనక, కాలితో తొక్కే మర ముందు కూర్చుని, నేతచీర కట్టుకున్న ఒక చైనా ఆమె పన్ను అరగదీస్తోంది.

"నువ్వు మా ఆత్మకూరు పళ్లాయన కూతురివి గదమ్మా!" అన్నాడు నాయన.

"అవును పెదనాయనా. నీ కింది దవడ పన్ను పెరికింది మా నాయనే గదా" అందామె తల ఎత్తకుండా.

నాయన చెయ్యి తనకు తెలియకుండానే చెంప మీదికి పోయింది. ఇక ఏ విచారణా లేకుండా నా బస అక్కడే ఖాయమైంది. ఆ రోజునుంచి ఆమె నాకు అక్క, నేను ఆమెకు పాపను.

అక్క కథ నాకు ఒక్కసారిగా తెలియలేదు. వాళ్ల నాయన ఓడెక్కి మద్రాసు వచ్చి, మొదట్లో పట్టుగుడ్డలూ కాగితపు పూలూ అమ్ముతూ ఊళ్లు తిరిగి, తన దేశస్థుడి దగ్గరే పళ్లు కట్టే పని నేర్చుకుని, ఆత్మకూరులో నిలదొక్కుకున్నాడట. వచ్చేటప్పుడు ఇంకా మాటలు రాని ఈ పిల్లను చంకనేసుకొచ్చాడు. భార్య నిండు చూలాలు, ఓడ ప్రయాణం పడదని ఆగిపోయింది. కాన్పు కాగానే పిలిపించుకోవాలని ఆయన ఆలోచన. ఇంతలో అక్కడ రాజ్యం తలకిందులైంది, దారులు మూసుకుపోయాయి. అమ్మను పిలిపించే మాట ఆ ఇంట్లో మొదట రోజూ వినిపించేదట, తర్వాత ఎప్పుడైనా వినిపించేదట, ఆ తర్వాత వినిపించడమే మానేసిందట.

పిల్లను పెంచింది పక్కింటి అవ్వ. ఆమెది దుత్తలూరు, ప్రార్థనలూ పాటలూ ఎంత కంఠతావచ్చో తిట్లూ సామెతలూ అంతే కంఠతావచ్చు. ఆమె ఒళ్లో జొన్న సంగటి తింటూ పెరిగిన పిల్లకు తెలుగు తప్ప ఇంకో భాష ఎక్కడినుంచి వస్తుంది? వాళ్ల నాయన కూడా, ఈ పిల్ల బతుకు ఈ ఊళ్లోనే గదా అని, వచ్చీరాని తెలుగులోనే దానితో మాట్లాడేవాడట.

చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మాత్రం ఆయన భయపడి కొట్టు మూసేసి ఇంట్లోనే కూర్చున్నాడట. పొద్దున్నే ఒక పెద్దరెడ్డిగారు వాచిన దవడకు తువ్వాలు కట్టుకుని వచ్చి అరుగు మీద బైఠాయించి, "యుద్ధం దొరలకీ దొరలకీరా. నా పన్నుకీ నీకూ ఏంది యుద్ధం? తలుపు తెరువు" అని అరిచాడట. తలుపు తెరిచారు. పెద్దరెడ్డి కూర్చున్న కుర్చీలో కూర్చోవడానికి ఆ తర్వాత ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా అక్క ఆ రెడ్డిగారి వాచిన మాటను అనుకరించి నన్ను నవ్వించేది. అయినా సర్కారు వారి లెక్కలో ఆమె పరదేశే. అప్పుడప్పుడూ పోలీసుస్టేషనుకు పోయి సంతకం పెట్టి రావాలి. ఆమె గుట్టు తెలిసిన అక్కడి జవానుగారు సంతకం చేయించుకుంటూనే, వచ్చేవారం కథలో కోడలు పుట్టింటికి పోతుందా పోదా అని గొంతు తగ్గించి అడిగేవాడట.

వాళ్ల నాయన పోయాక, ఆత్మకూరుకు పట్టా ఉన్న పళ్ల డాక్టరు రావడంతో, ఆ సరంజామా అంతా బండికెత్తించుకుని అక్క ఉదయగిరి చేరింది. ఆమె కథలు రాసే వేళ ఏదో మీరు ఊహించలేరు. దవడ అచ్చు తీసి సుద్ద పోశాక అది గట్టిపడేదాకా చేతికి పని ఉండదు. అంతసేపూ రాసేది. అలా రాస్తుండగా చూసే, పత్రికలోని ఆ తెలుగు పేరు ఈమెదేనని నాకు తెలిసింది. సుద్ద ఆరితే కలం పక్కన పెట్టేసేది, వాక్యం సగంలో ఉన్నా సరే. పన్ను పెరికించుకోవడానికి వచ్చినవాళ్లు భయం కొద్దీ ముందు తమ ఇంటి గొడవలన్నీ చెప్పేవాళ్లు. నోట్లో దూది పెట్టాక ఎటూ మాట్లాడలేరు గదా. అలా ఆమెకు కథలకు కొదవ లేకపోయింది. ఒకసారి వరికుంటపాడు వైపు నుంచి ఒక పెద్దింటామె కట్టుడు పళ్లకని వచ్చి, వారపత్రికలో చదివిన కథ తలుచుకుని, "అచ్చు మా ఆడబిడ్డ మాదిరే రాసినారమ్మా, ఎవరో మహాతల్లి" అని, ఆ మహాతల్లి చేతినే నోట్లో పెట్టుకుని కూర్చోవడం నేను కళ్లారా చూశాను.

ఈ గుట్టు రట్టు కావడానికి ఫొటో కారణం. పత్రికవాళ్లు ప్రత్యేక సంచికకు రచయితల ఫొటోలు అడిగారు. అక్క చాన్నాళ్లు తాత్సారం చేసి, చివరకు పంపింది. అందులో ముఖం చూసి, ఫొటో అచ్చుకాకముందే సంపాదకులు స్వయంగా బయల్దేరి వచ్చారు. ఇంట్లో ఇంకో కుర్చీ లేక ఆయన్ను పళ్లు పీకే కుర్చీలోనే కూర్చోబెట్టింది. పాపం, ఆయన చేతులు దగ్గరికి ముడుచుకునే మాట్లాడారు. "ఇంత కథ మీ దగ్గర పెట్టుకుని ఇన్నాళ్లూ వేరుశనగ చేల గురించి రాస్తున్నారేమండీ! ఈ సంచికకు మీరు చైనా కథే ఇవ్వాలి" అన్నారు.

"నాకు ఆ దేశం గుర్తులేదండీ."

"గుర్తుండక్కర్లేదు. మీ రక్తంలో ఉంటుంది."

ఆయన వెళ్లిపోయాక అక్క చేతులు కడుక్కుంటూ, "రక్తం నేను రోజూ చూస్తానే ఉండా పాపా. అందరిదీ ఒకే మాదిరి ఉండాది" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

నాకప్పుడు ఒకటే కుతూహలం. నిజంగా ఏమీ గుర్తులేదా? ఒక ముఖమో, ఒక వాసనో, ఒక పాట ముక్కో? అడిగితే ఏమీ లేదనేది. బడినుంచి పెద్ద పటాల పుస్తకం తెచ్చి ఆమె ముందు పరిచాను. వాళ్ల నాయన తన ఊరి పేరు చెప్పేవాడట గానీ ఆ పలుకు ఆమె నాలుక మీద సరిగ్గా నిలవడం లేదు. ఒక విధంగా పలికితే సముద్రం ఒడ్డున ఒక ఊరు దొరికింది. ఇంకో విధంగా పలికితే ఏదో నది మలుపులో దొరికింది. గొంతు కొంచెం మార్చి పలికితే ఎక్కడో ఎడారి అంచుకు పోయాం. నాకది వేటలా ఉంది. ఉత్సాహంగా వెతుకుతూ పోయాను. కాసేపటికి అక్క పుస్తకం మూసేసింది.

"మా అమ్మ ఫలానా తావులో ఉండాదిలే అనుకోవాలన్నా ఒక ఊరు గావాలి గదా పాపా" అంది.

కొన్ని వారాలపాటు ఆ మాట మళ్లీ మా మధ్య రాలేదు. సుద్ద ఆరే వేళల్లో ఆమె రాస్తూనే ఉంది. నాకు చూపించలేదు. ప్రత్యేక సంచికలో అచ్చయ్యాకే చదివాను. కొండ కింది ఊళ్లో ఒక తల్లి. పెనిమిటీ కూతురూ పోయిన దారి కొండమీదికెక్కితే కనిపిస్తుంది. పొద్దున పాట పాడుతూ గింజలు విసురుకుని, మధ్యాహ్నం చంటివాణ్ణి వీపున కట్టుకుని ఆ కొండెక్కుతుంది. దారిన పోయేవాళ్లందరినీ కేకేసి తిడుతుంది, వాళ్లలో తనవాళ్లు లేరని. ఏళ్లు గడిచి, కొడుకు పెద్దవాడై, ఇక కొండెక్కవద్దని బతిమాలితే, "నేను దిగినాక వాళ్లొస్తే?" అంటుంది. అంతే కథ.

చదువుతుంటే ఆ కొండ నాకు ఎదురుగా కనిపిస్తూనే ఉంది. మబ్బుపట్టిన రోజున పైనున్న పాత కోటగోడలు కనపడకుండా పోయే మన దుర్గం కొండే. ఆ తిట్లు దుత్తలూరు అవ్వవి. ఆ విసుర్రాయి పాట, నేనెన్నడూ చూడని ఆ అవ్వ పాడే పాటేనని అక్క కూనిరాగాలు విన్నదాన్ని గనక పోల్చుకున్నాను.

"అక్కా, ఇది మన కొండే గదా?"

"నేను చూసిన కొండ ఇంకొకటి ఏడుండాది చెప్పు" అంది.

పాఠకులు మాత్రం ఆ చైనా వాతావరణానికి ముగ్ధులైపోయారు. ఆ గాలి, ఆ మట్టి, పరాయిదేశపు పరిమళం అంటూ పత్రికలో ఒకటే పొగడ్తలు. నెల్లూరులో సాహిత్యాభిమానులు సభ పెట్టి సన్మానిస్తామన్నారు. అక్క నన్ను తోడు రమ్మంది. హాలు నిండిపోయింది. శాలువా కప్పాక అధ్యక్షులవారు మైకు ముందుకొచ్చి, ఎవరూ అనుకోని కోరిక కోరారు. సోదరి తన మాతృభాషలో నాలుగు మాటలు పలికితే విని తరించాలని ఉందన్నారు. చప్పట్లు మోగాయి. ఆమెకు ఆ భాష రాదని ఆ హాలులో నాకొక్కదానికే తెలుసు.

అక్క మైకు దగ్గరికి వచ్చి నిలబడింది. శాలువా సర్దుకుంది. తర్వాత, లోగొంతుకతో, ఏడ్చే పిల్లను జోకొట్టినట్టుగా, ఎత్తుపల్లాలతో సాగే నాలుగైదు చిన్న మాటలు పలికింది. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆమె నమస్కారం పెట్టి వచ్చి కూర్చున్నాక గానీ చప్పట్లు మొదలుకాలేదు, మొదలయ్యాక ఆగలేదు.

తిరుగు బస్సులో సంగం దాకా ఓపికపట్టాను. పెన్నమ్మ ఇసుక తెల్లగా కనిపిస్తుండగా ఇక ఉండబట్టలేక, ఏం చెప్పావక్కా అని అడిగాను. కిటికీలోంచి చూస్తూ చెప్పింది.

"నోరు తెరువు. భయపడొద్దు. కొంచేపు ఓర్చుకో. అయిపోయింది, ఉమ్మెయ్."

నేను పగలబడి నవ్వాను. బస్సులో అందరూ తిరిగి చూశారు. అక్క కూడా నవ్వింది.

"నాయన పన్ను పెరికేటప్పుడు ఆ మాటలే అంటా ఉండేవాడు. తెలుగులో చెప్పొచ్చు గదా నాయనా అంటే, అర్థంగాని మాటయితే భయం తక్కువమ్మా అనేవాడు. ఆ మాటలే వచ్చు నాకు." కొంతదూరం పోయాక మళ్లీ తనే అంది. "ఇంకో మాట గూడా వచ్చు. అమ్మ అనే మాట. అది ఆడ చెప్పేది గాదులే."

ఆ మాట ఎలా పలుకుతారో నేను అడగలేదు. అంత కుతూహలం ఉన్నదాన్ని, అది మాత్రం అడగబుద్ధి కాలేదు.

సంపాదకులు మళ్లీ మళ్లీ అడిగినా ఆమె ఇంకో చైనా కథ రాయలేదు. తిరిగి మన మెట్టకే వచ్చింది. నాకు బదిలీలు, సంసారం, పిల్లలు. అయినా వేసవి సెలవుల్లో ఉదయగిరి పోయి ఆమెతో నాలుగు రోజులు గడిపేదాన్ని. చివరికాలంలో ఒక సీరియల్ మొదలుపెట్టింది. ఇల్లు విడిచి, ఎక్కడికి పోవాలో తెలియక, చేతిసంచితో బస్సెక్కిన ఒక పిల్ల కథ. ఆ పిల్ల బస్సులో ఉండగానే పత్రిక మూతపడింది. మిగతాది రాయమని నేను పోరితే, అచ్చువేసేవాళ్లు లేనిదే చెయ్యి సాగడం లేదంది. తర్వాత చెయ్యి నిజంగానే సాగలేదు. ఆమె పోయాక, కోరినట్టే దుత్తలూరులో అవ్వ సమాధి పక్కన పెట్టాం.

ఆ వారంలోనే, ఆమె వాటా సర్దుతుండగా, నడివయసు ఆడమనిషి ఒకామె మధ్యాహ్నపుటెండలో వచ్చి తలుపు తట్టింది. వరికుంటపాడు అవతల ఏదో పల్లెలో బస్సెక్కి, కథలు రాసే ఆమెది ఈ ఊరని ఎవరో చెబితే ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందట, అంతకుమించి ఆమెకేమీ తెలియదు. పళ్ల నొప్పేమో అనుకున్నాను. కాదు. "ఆ పిల్ల యాడ దిగిందో కనుక్కుందామని వచ్చినానమ్మా" అంది. అక్క పోయిన సంగతి చెప్పాను. ఆమె అరుగు మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. నేనిచ్చిన మంచినీళ్లు తాగి చెంబు పక్కన పెట్టింది.

"నేనయితే ఆ పిల్లను దించేసినానమ్మా" అంది. "దుత్తలూరులో దించినాను. ఆడ దాని పిన్నమ్మ ఉండాది, మంచిదే. ఎన్నాళ్లని బస్సులోనే కూర్చోబెట్టేది?"

ఆ కథలో పిన్నమ్మ ఎక్కడా లేదు. అయినా నేను తలూపాను.

ఇప్పుడు కథలకు కరువు లేదు. ఫోను మీద వేలు కదిపితే చాలు, ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. ఒకటి నచ్చకపోతే మరొకటి. రాసినవాళ్ల ముఖాలూ, మాటలూ, వాళ్లు తిన్న తిండీ అన్నీ మనకు ముందే తెలుస్తాయి. మంచిదే, కాదనను. కానీ రాసిన మనిషి ఎవరో, ఏ దేశంలో పుట్టిందో తెలియకుండా, తెలుసుకోవాలని కూడా అనిపించకుండా, ఆమె సగంలో వదిలిన పిల్లకు చల్లగా ఒక నీడ చూపెట్టి, అయినా అది ఏమైందో కనుక్కోవడానికి బస్సెక్కి వచ్చిన మనిషి లాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.