చక్రాల విల్లు వదిలిపెట్టిన సంగతి

పోయిన ఆదివారం మా అల్లుడు నన్ను హిందూపురం దాటాక బెంగళూరు దారిలో కొత్తగా పెట్టిన ఒక విహారస్థలానికి తీసుకుపోయాడు. అక్కడ గుర్రపు సవారీలు, పిల్లల ఊయలలు, వాటి పక్కనే టిక్కెట్టు కొన్నవాళ్ళు పన్నెండు బాణాలు వేసుకునే ఏర్పాటు ఉన్నాయి. మామకు బాణం వేయడం వచ్చునని పెళ్ళిలో ఎవరో అన్న మాట గుర్తు పెట్టుకుని, నాకు సంతోషంగా ఉంటుందనే తీసుకుపోయాడు పాపం. ఆ బాణాలిచ్చే మనిషి నా తెల్లజుట్టు చూసి, చక్రాలున్న కాంపౌండ్ విల్లు ఒకటి నా చేతికి అందిస్తూ, "అంకుల్, ఇది చాలా ఈజీ, చిన్నపిల్లలు కూడా లాగేస్తారు" అన్నాడు. నేను దాన్ని ముట్టలేదు. మూలన దుమ్ము పట్టి ఉన్న మామూలు కట్టె విల్లు అడిగి తీసుకుని పన్నెండూ వేశాను, మూడు తగిలాయి. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. మా అల్లుడు మాత్రం నవ్వకుండా, "వయసు కదా మామా, ఆ చక్రాలదే తీసుకుని ఉంటే అన్నీ తగిలేవి" అని ఓదార్చాడు. ఆ ఓదార్పుకే నాకు ఒళ్ళు మండింది.

అన్నీ తగిలేవని నాకు తెలియదా? ఆ చక్రాల విల్లు సంగతి నాకు తెలిసినంతగా ఈ జిల్లాలో ఎందరికి తెలుసు? ఇప్పటివాళ్ళకు చెబితే చాదస్తమంటారు గనుక చెప్పను. నాతోపాటు తల నెరిసినవాళ్ళు, ఏదో ఒక పాత వస్తువును పంతం పట్టి వదలకుండా ఇంట్లోవాళ్ళ చేత మాటలు పడుతున్నవాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళకు చెబుతాను.

అప్పుడు నాకు ముప్ఫై నిండలేదు. హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు పని నాది. మా ఊరు పెనుకొండకు దగ్గర, కొండ వాలు కింద, వేరుశనగ చేల మధ్య ఉంటుంది. పొద్దున ప్యాసింజరు బండికి పోయి సాయంత్రం బండికి తిరిగి వచ్చేవాణ్ణి. మా నాయన చేను చూసుకుంటూ, పంటకాలంలో అడవి పందుల మీదికి విల్లు పట్టేవాడు. ఆయన విల్లు వెదురు బద్దతో చేసిందే, పని లేనప్పుడు తాడు దింపి దూలానికి వేలాడదీసేవాడు. ఆ అల్లెతాడు మాత్రం గొప్పది. జిల్లేడు నారలో పట్టుదారం కలిపి పేనేవాడు. ఆ పట్టుదారం ధర్మవరం నుంచి వచ్చేది. మా మేనత్తను అక్కడ మగ్గం నేసేవాళ్ళ ఇంటికి ఇచ్చారు, చీర కోసిన తరువాత మగ్గం మీద మిగిలిన పోగుల కొసలను ఆమె ఏడాది పొడుగునా ఒక గుడ్డసంచిలో దాచి తమ్ముడికి పంపేది. పసుపు, ఎరుపు, నెమలికంఠం రంగు, అన్ని రంగులూ కలిసిన ఆ తాడును చూస్తే వేటకని ఎవరూ అనుకోరు, తిరునాళ్ళలో కొన్న మొలతాడనుకుంటారు. ఫ్యాక్టరీలో సరిచూసి బిగించే పని నేర్చిన నాకు అదంతా మోటుగా, నవ్వులాటగా కనిపించేది.

మా ఊళ్ళో వేటకు ఒక కట్టు ఉండేది. బాణం వదిలినవాడు, తగిలినా తగలకపోయినా, ఆ బాణం చేతికి దొరికేదాకా అన్నం ముట్టకూడదు. దొరికిన బాణం శుభ్రంగా ఉంటే తగల్లేదని అర్థం, ఇంటికి పోయి తినవచ్చు. నెత్తురు ఉంటే జాడ పట్టి పోవాలి. బాణమే దొరకలేదా, చేలల్లో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా కేక వేసి చెప్పాలి, దెబ్బ తిన్న పంది ఎక్కడో నక్కి ఉందని. చిన్నప్పుడు మా నాయన కోసం ఎన్నోసార్లు అన్నం చల్లారిపోవడం చూశాను గనుక, ఆ కట్టు మీద నాకు చిన్నప్పటి నుంచీ విసుగే ఉండేది.

ఆ రోజుల్లో పందులు మరీ పేట్రేగిపోయాయి. ఊరంతా కలిసి అర్జీ పెట్టుకుంటే, పంటలో పడ్డ పందులను కొట్టుకోవచ్చని అధికారులు ఒక రెండేళ్ళకు కాగితం ఇచ్చారు. సరిగ్గా అప్పుడే మా ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు, తాను సరదాకు తెప్పించుకున్న కాంపౌండ్ విల్లును, డజను లోహపు బాణాలతో సహా నాకు ఇచ్చేసి పోయాడు. సగందాకా లాగేటప్పుడే బరువు, ఆ తరువాత చక్రాలు తిరిగి బరువంతా అవే మోస్తాయి, తీరిగ్గా నిలబడి గురి చూసుకోవచ్చు. ఊరికి తెచ్చిన రోజు అందరూ మూగారు. మా నాయన చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పి చూసి, "ఏమబ్బా, సైకిలు చక్రాలు బిగిచ్చినావే దీనికి! యాడికి పోతాండావు దీన్నెక్కి?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది.

ఆ రోషంతోనే కొట్టాను. మా నాయన పదిహేను అడుగుల దూరానికి పాకుతూ పోయి కొట్టే పందిని నేను గట్టు మీద నిలబడి, బీడీ ఆర్పేసి, ఎనభై అడుగుల దూరం నుంచి పడగొట్టాను. ఒకటి, రెండు, ఏడు దాకా లెక్క ఉంది. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి పిలుచుకుపోయేవారు. వాడుంటే చేనికి కావలే అక్కర్లేదనేవారు. ఆ మాటలు తలకెక్కి దూరం పెంచుకుంటూ పోయాను, వంద అడుగులు, నూట ఇరవై. మా నాయన మాత్రం నేను కొట్టిన పందిని కోసేటప్పుడు బాణం ఎక్కడ దిగిందో వేలు పెట్టి చూసేవాడు.

వేరుశనగ పీకే కాలం అది. ఒక సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, మా చేనికీ పక్కనున్న ఆముదం చేనికీ మధ్య ఒక మగపంది కనబడింది. చాలా దూరం. ఇంత దూరం నుంచి కొడితే ఊళ్ళో ఇంకో ఏడాది చెప్పుకుంటారని నాకు నేనే అనుకుని వదిలాను. పంది ఉలిక్కిపడి ఆముదం చెట్లలోకి దూరిపోయింది. తగిలిందో లేదో తెలియలేదు. దగ్గరికి పోయి చూస్తే నెత్తురు కనబడలేదు, బాణమూ కనబడలేదు. కాసేపు వెతికాను. ఒక్క బాణం పోతే ఏమి, ఇంకా పదకొండు ఉన్నాయి, తగల్లేదులే అనుకుని ఇంటికి పోయి కాళ్ళు కడుక్కుని రాగిసంగటి తిన్నాను. ఎవరికీ కేక వేయలేదు. తగల్లేదని చెప్పుకోవడం నామోషీ అనిపించింది, అదీ అసలు కారణం, దాచుకోవడం ఎందుకు?

మరునాడు పొద్దున నా భార్య నలుగురు ఆడవాళ్ళతో కలిసి ఆముదం చేని పక్క సాళ్ళలో కాయలు పీకడానికి వంగింది. పొట్టలో నా బాణంతో అంతసేపూ అక్కడే పడి ఉన్న పంది లేచి ఆమె మీదికి వచ్చింది. తొడ చీల్చేసింది. తక్కిన ఆడవాళ్ళు కొడవళ్ళతో అరుస్తూ మీద పడకపోతే మనిషి దక్కేది కాదు. నేను ఫ్యాక్టరీలో ఉండగా కబురొచ్చింది. హిందూపురం ఆసుపత్రికి పరుగెత్తాను. కుట్లు వేసిన డాక్టరు ప్రాణానికి భయం లేదన్నాడు గాని, కాలు మునుపటిలా ఉండదని కూడా అన్నాడు. మా నాయన వరండాలో నన్ను పక్కకు పిలిచి ఒకటే మాట అడిగాడు. "దాని కన్ను చూసినావా నువ్వు, కొట్టేటప్పుడు?" నేను తల దించుకున్నాను. ఆయన కొట్టినా బాగుండేది.

ఊరు ఊరంతా ఒకటే మాట, వీడు ఇంక విల్లు ముట్టకూడదని. నేనూ అదే అనుకున్నాను. నా భార్య నా మేనమామ కూతురే, చిన్నప్పటి నుంచీ నన్ను "బావా, నువ్వు" అనే పిలుస్తుంది. అలాంటిది తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు, మంచినీళ్ళు కూడా వాళ్ళమ్మ చేతి నుంచే తాగింది. పదో రోజు నేనే, ఇంక జన్మలో విల్లు పట్టనని ఒట్టు వేయబోతే, ఆమె కళ్ళెర్రజేసింది.

"నువ్వు మానేస్తే పందులు మానేస్తాయా? రేపు నా కాలు మాదిరే ఇంకొగరిది పోతాది. ఒట్లు పెట్టుకునేది సులభం బావా. మీ నాయన మాదిరి దగ్గిరికి పోయి కొట్టేది నేర్చుకో. చేతగాదంటావా, చేతగాదని నోరు తెరిచి చెప్పు."

ఆమె ముందు చేతగాదని చెప్పడం నా వల్ల కాలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే ఆ చక్రాల విల్లును వాకిట్లో పెట్టుకుని, నా స్పానర్లతోనే బోల్టు బోల్టూ విప్పేశాను. పక్క ఊరి మనిషి ఒకడు పరుగెత్తుకొచ్చి తనకు అమ్మమని బతిమాలాడు, ఇంకో మనిషి చేత ఇదే తప్పు చేయించడానికి నాకేం పిచ్చా అని కసిరి పంపించాను. ముక్కలన్నీ పాత ఇనుప సామాన్లవాడి తక్కెట్లో పడ్డాయి.

తరువాత ధర్మవరం పోయాను, అల్లెతాడుకు దారం కోసం. మా మేనత్త నన్ను గడప దగ్గరే నిలబెట్టి, "ఆ పిల్ల కాలు తీసినోనికి నేనెందుకు ఇయ్యల్ల దారం? సిగ్గుండాదా నీకు?" అని వీధంతా వినబడేలా తిట్టింది. మళ్ళీ విల్లు ఎందుకు పట్టుకుంటున్నానో, ఎవరు పట్టుకోమన్నారో చెప్పాను. అప్పుడు లోపలికి పోయి సంచి తెచ్చింది. పోగులు ఊరికే ఇవ్వలేదు, మగ్గం పక్కన కూర్చోబెట్టి, చేతులు పొక్కేదాకా నా చేతనే పేనించింది.

ఏడాది పట్టింది నాకు. మొదటి మూడు నెలలూ మా నాయన బాణమే ఇవ్వలేదు, వట్టి విల్లు పట్టుకుని చేనులో మెసలమన్నాడు. గాలి ఎటు వీస్తున్నదో చూసుకోవాలి, చెప్పులు వదిలేయాలి, బీడీ మానేయాలి, వాసన సబ్బు మానేయాలి. పదిహేను అడుగుల లోపలికి పోలేకపోతే తిరిగి వచ్చేయాలి. ఎన్నిసార్లు తిరిగి వచ్చానో! పందులు నా కళ్ళెదుటే కాయలు తోడుకుని తిని పోయేవి. "చక్రాలు ఊడగొట్టుకోని కట్టె పట్టుకున్యాడు, పందులకు కావలి కాస్తాండాడప్పా" అని రచ్చకట్ట దగ్గర నవ్వుకున్నారు. ఫ్యాక్టరీలో తోటివాళ్ళు, అందరూ ముందుకు పోతుంటే నువ్వు వెనక్కి పోతున్నావన్నారు. ఆ ఏడు మా పంటలో సగం పందుల పాలే. నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకున్నాను. ఎనభై అడుగుల నుంచి కొట్టడానికి విల్లు ఉంటే చాలు, పదిహేను అడుగులకు పోవాలంటే మనిషి మారాలి, అది నవ్వేవాళ్ళకు తెలియదు.

మళ్ళీ పీకే కాలం వచ్చింది. ఒక పొద్దున కంది సాళ్ళలో పొట్ట మీద పాకుతూ పోయాను. పంది మట్టి తవ్వుతూ తల ఎత్తింది. కన్ను కనబడింది, చిన్నది, తడిగా, చుట్టూ ఎర్రమట్టి అంటుకుని ఉంది. మోకాలి మీద లేచి తాడు లాగాను. వదిలాను. నాలుగు గజాలు కూడా పోలేదు అది. నేను గట్టెక్కి చేలన్నిటికీ వినబడేలా కేక వేశాను, పడిపోయింది, భయం లేదని. అందరికన్నా వెనక, కర్ర ఊతంగా పట్టుకుని నా భార్య వచ్చింది. పంది వైపు ఎక్కువసేపు చూడలేదు. గట్టు మీద కూలబడి, చెంగులో కట్టుకొచ్చిన మూట విప్పి, "తిను బావా. ఈపొద్దు నువ్వు తినొచ్చు" అంది. ఏడాదిగా ఆమె ఒక్కసారి కూడా ఎత్తని మాట అది. ముద్ద చేతిలో పట్టుకుని, అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.

ఇప్పుడు పందులను కొట్టుకోవచ్చనే ఆ కాగితాలు ఇవ్వడం లేదు, ఇవ్వకపోవడమే మంచిదని నేనూ ఒప్పుకుంటాను. నాయన పోయాడు, మేనత్త పోయింది. మా ఊరి చేల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు లాగుతున్నారు. దానికి పంది తగులుతుందో, మేక తగులుతుందో, పక్కింటి మనిషే తగులుతాడో, స్విచ్చి వేసినవాడు ఇంట్లో కూర్చుని హాయిగా భోంచేస్తుంటాడు. ఒక్క తీగలేమిటి, మాటలు కూడా అలాగే విసురుతున్నారు ఫోన్లలో, ఎవరికి తగిలిందో, ఎంత లోతుగా దిగిందో చూసుకునే పని లేకుండా. అదేమంటే కాలం మారిందంటారు. మారితే మారనీ, నేను మారను.

ఇప్పటికీ నా భార్య నాకన్నా ముందే లేస్తుంది. తెల్లవారకముందే పెరట్లోకి నడిచిపోతుంది, ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడుస్తూ. ఇన్నేళ్ళుగా నాకు మెలకువ వచ్చేది ఆ చప్పుడుకే. ఆమె నన్ను ఎప్పుడో మన్నించింది. ఆ చప్పుడు వినబడుతున్నంత కాలం నన్ను నేను మన్నించుకోను.