సముద్రంలో దారి

నగరం చివర సముద్రాన్ని చీల్చుకుంటూ దీపస్తంభం దాకా వెళ్లే రాతికట్ట అంటే దర్జీకి మహా ఇష్టం, ఒడ్డున నిలబడి చూసినంతసేపూ. ఇంటికొచ్చిన చుట్టాలందరినీ తీసుకొచ్చి, తానే దగ్గరుండి కట్టించినట్టు వర్ణిస్తాడు. నడుద్దామంటే మాత్రం మోకాలు పట్టుకుంటాడు. ఈసారి భార్య విసిగిపోయి ఒంటరిగా బయలుదేరింది. ఓ అల ఎగసి ఆమెను తడిపేసరికి దర్జీ ఇక ఒడ్డున ఆగలేకపోయాడు. చెప్పులు చేతబట్టుకుని, కళ్లు సగం మూసుకుని పరుగెత్తి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"మరి మోకాలో?" అంది ఆమె.

"నువ్వు జారిపడతావేమోనని వచ్చా," అన్నాడు వణుకుతూ.

"అయితే గట్టిగా పట్టుకోండి, నేను పడిపోకుండా," అంది నవ్వు ఆపుకుంటూ.

దీపస్తంభం చేరాక దర్జీ ఛాతీ విరుచుకుని చుట్టూ చూశాడు. తర్వాత అక్కడి కాపలాదారును పక్కకు పిలిచి, "వెనక్కి వెళ్లడానికి ఇంకో దారేమైనా ఉందా బాబూ?" అని గుసగుసగా అడిగాడు.