వడపోత బాబాయి, నూట డెబ్బై ఒక్క సున్నాలు

వడపోత బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. రాసి ఉన్నది ఏదైనా సరే, మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్క దాకా చదవందే దాన్ని ముట్టుకోడు, దాని గురించి మాట్లాడడు, వీలైతే దాని పక్కన నిలబడడు కూడా.

లిఫ్టు ఎక్కితే 'ఎనిమిది మందికి మించరాదు' అన్న బోర్డు రోజూ కొత్తగా చదువుతాడు. చదివి, తలలు లెక్కపెడతాడు. తొమ్మిదో తల కనిపిస్తే, అది ఎవరిదైనా సరే, తనే దిగిపోయి నాలుగంతస్తులూ మెట్లెక్కి వస్తాడు. మెట్ల దగ్గర 'తడిగా ఉంది, జాగ్రత్త' అన్న పలక ఉంటే అదీ చదువుతాడు. ఒకసారి ఆ పలక చదువుతూనే జారిపడ్డాడు.

ఇంట్లో ఇంకా ఘోరమని వాళ్ళావిడే చెప్పింది, ఆఫీసుకి ఫోన్ చేసి మరీ. "జ్వరం మాత్ర ఇవ్వండి మహాప్రభో అంటే, డబ్బాలో కాగితం మడత విప్పి చదవటం మొదలెడతారమ్మా. ఈయన ఆఖరి పేరాకి వచ్చేసరికి నా జ్వరం దానంతటదే పారిపోతుంది. ఆ డాక్టరేమో తన హస్తవాసి అనుకుంటున్నాడు పాపం!"

ఆ ఫోన్ ఎత్తింది కొత్తగా వచ్చిన సెక్షన్ మేడమ్. వచ్చి అప్పటికి రెండు నెలలు. తనకంటే సీనియర్లు ఇద్దర్ని దాటించి ఆ కుర్చీలో కూచోబెట్టారు కాబట్టి, ఆ ఇద్దరూ ఎప్పుడు దొర్లుతుందా అని కుర్చీ కాళ్ళకేసి చూస్తున్నారని ఆవిడకి తెలుసు.

ఆ సెక్షన్ ఒక ఫోన్ కంపెనీలో నాలుగో అంతస్తు. అక్కడ చలిగదిలో సిగ్నలింగ్ గేట్‌వే అనే యంత్రం ఉంటుంది. బయటి కంపెనీల యంత్రాలు మన యంత్రాలకి చెప్పుకునే కబుర్లన్నీ, అంటే ఫలానా నంబరు ఎక్కడుంది, ఈ మెసేజ్ ఆయనకి అందించు లాంటివన్నీ, ఆ గుమ్మం దాటే లోపలికి రావాలి. గుమ్మంలో ఒక జాబితా ఉంటుంది. ఎవరి దగ్గర్నుంచి, ఎవరికి, ఏ రకం కబురు, రానివ్వాలా ఆపాలా అని వరసకో రూలు. జాబితాలో లేని కబురు ఎంత గొప్పింటిదైనా గుమ్మంలోనే మాయం. పోయిందని పంపినవాడికి కూడా తెలీదు. వరస చివర ఒక అంకె ఉంటుంది, ఆ రూలు కింద ఎన్ని కబుర్లు వెళ్ళాయో చెప్పడానికి.

ఆ జాబితాని చూడటమే బాబాయి ఉద్యోగం. మార్చటం కాదు, చూడటం. ఒక్క అక్షరం మార్చే అనుమతి ఆయనకి లేదు. రోజూ ఎనిమిదింటికి మఫ్లరు చుట్టుకుని కూచుని, తెర మీద ప్లాస్టిక్ స్కేలు ఆనించి, పెదాలు కదుపుతూ చదువుతాడు. తెర మీద ఒకసారికి ఇరవై వరసలు వస్తాయి. ఎంటర్ కొడితే ఇంకో ఇరవై. ఆ మీట మీద అక్షరాలు అరిగిపోయి ఎన్నాళ్ళయిందో! చదువుతూ ఒక నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటాడు. ఐదొందల పన్నెండో వరస అయ్యాక ఏదో నొక్కి, నోట్‌బుక్కు మూసి, అప్పుడు టీకి లేస్తాడు. పంతొమ్మిదేళ్ళుగా ఇదే తంతు.

వచ్చిన మొదటి వారంలోనే మేడమ్ అడిగింది.

"సార్, రోజూ ఇదే చదువుతారా?"

"అవునండి."

"నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?"

"ఏమీ మారలేదండి."

"మరెందుకు చదవటం?"

"మారలేదని చదివితేనే కదండీ తెలిసింది!"

ఆవిడ ఓపిక తెచ్చుకుంది. "పైన వెతుక్కునే గడి ఉంది కదా సార్. కావల్సింది కొడితే క్షణంలో వస్తుంది."

"వెతికితే మనకి కావల్సిందే దొరుకుతుంది మేడమ్. చదివితే మనం అనుకోనిది కూడా దొరుకుతుంది."

ఇలాంటి వాళ్ళతో వాదించటం కంటే చలిగదిలో విసనకర్ర పట్టుకు కూచోవటం నయమనుకుని ఆవిడ తన గదిలోకి వెళ్ళిపోయింది.

అసలు కథ ఒక మంగళవారం మొదలైంది. వచ్చే సోమవారం ఒక పెద్ద విదేశీ కంపెనీ గేట్‌వేకి కలవాలి. వాళ్ళకి ముప్పై రూళ్ళు కావాలి. జాబితాలో ఐదొందల పన్నెండు వరసలే పడతాయి, పన్నెండుతో సహా నిండిపోయాయి. మేడమ్ చురుకైన మనిషి. జాబితా మొత్తం తీసి, చివర సున్నా ఉన్న రూళ్ళన్నీ ఏరింది. నూట డెబ్బై ఒకటి తేలాయి! 'ఏళ్ళ తరబడి ఎవరికీ అక్కరకు రాని ఈ నూట డెబ్బై ఒక్క రూళ్ళనీ శుక్రవారం పదకొండు గంటలకి తొలగిస్తున్నాను' అని హెడ్డాఫీసులో పదకొండు మందికి రాసి పంపింది. పెద్దసారు వెంటనే 'భేష్' అని జవాబిచ్చాడు. కుర్చీ కాళ్ళు చూసేవాళ్ళిద్దరూ ఆ పూట టీ తాగలేదు.

ఇక మిగిలింది ఒక్కటే లాంఛనం. కాగితం అడుగున 'పరిశీలించినవారు' అన్న గడిలో బాబాయి సంతకం.

"ఇక్కడ పెట్టండి సార్."

బాబాయి కళ్ళజోడు తుడుచుకున్నాడు. స్కేలు తీశాడు. "ఒక్కసారి చదివి ఇస్తానండి."

"నూట డెబ్బై ఒక్క వరసలే సార్. పావుగంట."

"శుక్రవారం దాకా టైముంది కదండీ," అన్నాడు బాబాయి, ఆ మాట ఆవిడకి శుభవార్తే అన్నట్టు.

బుధవారం మధ్యాహ్నానికి ఆయన నలభయ్యో వరసలో ఉన్నాడు. అదైనా చదువుతుంటే బాధ లేదు, ఫోన్లు చేస్తున్నాడు. మేడమ్ తలుపు దగ్గర నిలబడి విన్నది.

"హలో... ఎక్స్‌చేంజేనా అండీ? మీరింకా ఉన్నారా? ఉన్నారా! చాలా సంతోషం. అబ్బే, ఏం పని లేదండీ. ఉంటే చాలు. ఉంటానండి మరి." పెట్టేసి, నోట్‌బుక్కులో టిక్కు కొట్టి, ఇంకో నంబరు నొక్కాడు. "హలో, మీరింకా ఉన్నారా అండీ?"

అవతలివాళ్ళు ఏమనుకుంటున్నారో ఆవిడ ఊహించుకోలేదు. ఊహించుకుంటే ఏడుపొచ్చేది.

గురువారం సాయంత్రం ఆవిడ ఓపిక అడుగంటింది. ఆయన బల్ల ముందు నిలబడింది.

"సార్, మీకు వచ్చే ఏడాది రిటైర్మెంటు. నాకిది మొదటి పెద్ద పని. ఇది చెడితే నన్ను చూసి నవ్వటానికి ఇక్కడ మనుషులు వరసలో ఉన్నారు. మీకు సంతకం పెట్టడం ఇష్టం లేకపోతే చెప్పెయ్యండి, ఆ గడిలో ఇంకొకరి పేరు రాస్తాను."

బాబాయి స్కేలు పక్కన పెట్టి ఆవిడ ముఖం కూడా మొదటి అక్షరం నుంచి చదువుతున్నట్టు చూశాడు.

"మొదటి పని అనే కదమ్మా," అన్నాడు. "రేపు పదింటికి ఇచ్చేస్తాను."

అన్నట్టే శుక్రవారం పదింటికి వచ్చాడు. తలుపు మీద 'నెట్టండి' అని ఉన్నది చదివి, నెట్టి, లోపలికొచ్చి, తలుపు మూశాడు. ఆయన తలుపు మూయటం ఆఫీసులో ఎవరూ ఎరగరు. బల్ల మీద నోట్‌బుక్కు పెట్టాడు.

"మేడమ్, మంగళవారం ఈ అంకెలు ఎన్నింటికి తీశారు?"

"తొమ్మిదీ నలభైకి. ఏం?"

"అదేనండి. తొమ్మిదిన్నరకి నేను సున్నా చేస్తాను."

"ఏం చేస్తారు?"

"అంకెల్ని. చదవటం అయిపోగానే అన్నిటినీ సున్నాకి తెస్తాను. రోజూ. మర్నాడు చూస్తే ఆ ఒక్కరోజు లెక్క తేటగా కనపడుతుందని."

మేడమ్ చేతిలో కలం బల్ల మీద పెట్టింది.

"అంటే ఇవి ఏళ్ళ తరబడి సున్నాలు కావా?"

"పది నిమిషాల సున్నాలమ్మా."

మేడమ్ కుర్చీలో అంగుళమంత కిందికి దిగింది. పదకొండు మందికి రాసింది. కింద సంతకం పెట్టింది. 'ఏళ్ళ తరబడి' అన్న ముక్క కింద గీత కూడా గీసింది. ఇంకో గంటలో ఆ నూట డెబ్బై ఒకటీ తన వేలితోనే చెరిపేసి ఉండేది.

చేతులు ఏం చెయ్యాలో తోచక నోట్‌బుక్కు తెరిచింది. వరస నంబర్లు, రోజువారీ అంకెలు, పక్కన చీమ తలకాయలంత అక్షరాలు. 'ద్వీపంలో ఆసుపత్రి. పడవ రాని రోజుల్లోనే కబుర్లు.' 'కొండ మీద వాతావరణ కేంద్రం. మంచు పడితేనే. అక్కడాయనకి మోకాళ్ళ నొప్పులు.' 'చేపల ఓడలు. నెలకోసారి రేవు చేరాక ఒకేసారి నాలుగొందలు, అందరూ ఇళ్ళకే.' ఒక వరస పక్కన, 'మూడ్రోజులుగా ఏమీ లేదు. ఫోన్ చేశాను. తీగ తెగిందట, వాళ్ళకే తెలీదు. చెప్పాను.'

ఆ 'చెప్పాను' అన్న మాట పేజీకి రెండు చోట్ల ఉంది.

"మంగళవారమే తెలిసిందా మీకు?" అంది ఆవిడ, నోట్‌బుక్కు మూసి.

"కాగితం ఇవ్వగానే అనుమానం వచ్చింది."

"అప్పుడే చెప్పొచ్చు కదా సార్!"

"చెప్పి? తప్పొకటి మీ చేతిలో పెట్టి నేను టీకి పోతే, మీరు పైవాళ్ళకి ఏం చూపిస్తారు? తప్పుతోబాటు ఒప్పు కూడా తేవాలి కదమ్మా. ఏడాది లెక్కలు కూడటానికి మూడ్రోజులు పట్టింది. మధ్యలో చెబితే మీకు మూడు రోజులూ నిద్రుండేది కాదు." మడతపెట్టిన కాగితం తీశాడు. "నిజంగా పోయినవి ఇరవై మూడు. అందరికీ ఫోన్లు చేశాను. ఆ కంపెనీలే మూతపడ్డాయి."

"ముప్పై కావాలి సార్."

"ఏడు తక్కువ. ఇదిగో, ఏడు జంటలు. రెండేసి వరసలు పక్కపక్క నంబర్లే, ఒకే వరసలో రాసెయ్యొచ్చు. ఎవరూ ఆగిపోరు." కాస్త తటపటాయించాడు. "కలిపితే ఎవరి లెక్క ఎంతో విడిగా కనపడదు. పర్లేదు, వాళ్ళని ఫోన్లో కనుక్కుంటాను."

మేడమ్ కొత్త లెక్క రాసి పైకి పంపింది. పదకొండింటికి హెడ్డాఫీసు ఫోన్ మోగింది. స్పీకర్లో పెద్దసారు గొంతు గదంతా నిండింది. "ఏమ్మా, నూట డెబ్బై ఒకటి అన్నారు, ఇప్పుడు ముప్పై అంటున్నారేంటి?"

మేడమ్ ఊపిరి తీసుకునేలోపే బాబాయి స్పీకరు మీదికి వంగాడు.

"నమస్కారం సార్. ఆ సున్నాలు నా పనండి. రోజూ పొద్దున నేనే చేస్తున్నాను."

"సున్నాలు చెయ్యటమేంటయ్యా? ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెయ్యమనలేదు సార్. చెయ్యొద్దని కూడా ఎక్కడా రాసి లేదు. యంత్రంతో వచ్చిన పుస్తకం మొత్తం చదివాను."

"మొత్తమా! ఎన్ని పేజీలది?"

"పదకొండొందల నలభై సార్. అందులో రెండు తప్పులున్నాయి. చెప్పమంటారా?"

"వద్దు!"

"సార్," అంది మేడమ్, బాబాయి చెయ్యి అడ్డుపెడుతున్నా ఆగకుండా, "లెక్క ఎప్పటి నుంచో చూసుకోకుండా రాసింది నేను. తప్పు నాది. పట్టుకున్నది ఆయన. ఇవాళ తీసేస్తున్నవి మాత్రం ప్రతి ఒక్కటీ ఫోన్ చేసి అడిగినవే."

అవతల పెద్దసారు పక్కకి తిరిగి ఎవరితోనో ఏదో అన్నాడు. "సరే. ముప్పై దొరికాయి కదా, కానివ్వండి. కానీ ఆయనకి ఆ సున్నా చేసే అనుమతి మాత్రం ఇవాళే పీకెయ్యండి."

ఆవిడ ఒక్కో రూలూ చెరిపింది. చెరిపే ముందు ఆయన ప్రతి వరసనీ పైకి చదివాడు. పన్నెండుంబావుకి పని పూర్తయింది. సోమవారం విదేశీ కంపెనీ తుమ్ము కూడా లేకుండా కలిసింది. కుర్చీ కాళ్ళు చూసేవాళ్ళు మళ్ళీ టీ మొదలుపెట్టారు.

కానీ బాబాయి కష్టాలు ఆ రోజే మొదలయ్యాయి. సున్నా చేసే దారి లేకపోవటంతో అంకెలు పేరుకుపోతున్నాయి. ఏ రోజు లెక్క కావాలన్నా నిన్నటిది ఇవాళ్టిలోంచి తీసెయ్యాలి. దాదాపు ఐదొందల తీసివేతలు, పెన్సిలుతో. మంగళవారం ఆయన టీకి లేచేసరికి ఒంటిగంటయింది.

బుధవారం ఎనిమిదింటికి మేడమ్ తన కుర్చీ ఈడ్చుకొచ్చి ఆయన పక్కన వేసుకుంది.

"మీరు ఇవాళ్టిది చదవండి సార్. నిన్నటిది నేను చదివి తీసేస్తాను."

"మీకెందుకమ్మా శ్రమ?"

"నాకు పొద్దున్నే వేరే పనేముంది?"

నిజానికి ముందు రోజు రాత్రి కూచుని ఆ తీసివేతలన్నీ రెండు క్షణాల్లో చేసిపడేసే చిన్న ప్రోగ్రాం రాసిపెట్టింది ఆవిడ. ప్రోగ్రామునీ, వాడే విధానాన్నీ ఒకే పేజీలో ప్రింటు తీసింది కూడా. తీరా ఇచ్చే వేళకి, స్కేలు తుడుచుకుంటున్న ఆ మనిషిని చూసి నోరు రాలేదు. ఆ కాగితాన్ని తన బల్ల మీద ఫైళ్ళ అడుగున తోసేసి, కుర్చీ పట్టుకొచ్చింది.

నెల తర్వాత ఏదో వెతుకుతుంటే ఆ కాగితం పైన ఉంది. అంచులు సరిచేసి, మొదటి లైను నుంచి ఆఖరి లైను దాకా చదివినట్టు పక్కన పెన్సిలు టిక్కులు ఉన్నాయి. అడుగున చీమ తలకాయలంత అక్షరాలు: 'బాగుంది. పద్నాలుగో లైనులో ఒకటి తక్కువ పడుతోంది, సరిచేశాను.'

మేడమ్ ఆ కాగితాన్ని మళ్ళీ ఫైళ్ళ అడుగునే పెట్టేసింది. మర్నాడు ఎనిమిదింటికి కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళింది. "కానివ్వండి సార్, మొదటి వరస," అంది. ఆయన గొంతు సవరించుకుని చదవటం మొదలుపెట్టాడు. ఆ కాగితం సంగతి ఆవిడా ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.