చివర వచ్చినవాడి పెచ్చు

కిందటి వారం మా మనవరాలు ఒక స్లో కుక్కర్ కొనితెచ్చి వంటగట్టు మీద పెట్టింది. పింగాణీ గిన్నె, గాజు మూత, పక్కన తిప్పడానికి ఒక మీట. నిన్న ఆఫీసుకు పోయేముందు ఎద్దు మాంసం, క్యారెట్టు, బంగాళదుంపలు, బీన్సు అన్నీ అందులో పడేసి, "అమ్మమ్మా, సాయంత్రానికి దానంతట అదే ఉడికిపోతుంది. చవక ముక్కైనా మెత్తబడుతుందట. నువ్వు మాత్రం మూత తియ్యకు" అని నాకు బుద్ధులు చెప్పి వెళ్ళింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. మూత తియ్యకూడదన్న సంగతి ఈ పిల్ల తల్లి పుట్టకముందే నాకు తెలుసు. మూత ఎప్పుడు తియ్యాలన్న దగ్గరే మా ఇంట్లో అంతా చెడింది. ఆ గాజు మూతకు చెమట పడుతుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాను.

డెబ్బైల మొదట్లో నేను అనంతగిరికి కోడలిగా వెళ్ళాను. మా మామగారు మైదానం నుంచి కాఫీ తోట పనికి కొండెక్కి, మేస్త్రీ అయి, అక్కడే ఇల్లు కట్టుకుని, నా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో ఉన్నది మా అత్త, మా ఆయన, మా మరిది. ఎద్దు మాంసాన్ని మా ఇళ్ళలో పెద్దమాంసం అంటారు. సంతలో ఓ పక్కగా అడ్డాకుల మీద పోగులు పెట్టి అమ్మేవారు. మెత్తటి ముక్కలున్న పోగుల వైపు మా అత్త కన్నెత్తి చూసేది కాదు. మెడ, పిక్క, నాలుగు ఎముకలు ఉన్న పోగునే ఏరుకునేది. కొత్తలో నాకు నామోషీగా ఉండి, ఆ పక్క పోగు బాగుంది కదా అన్నాను. "మెత్తదానికి డబ్బు కావాల, గట్టిదానికి ఓపిక కావాల. మనకాడ రెండోదే ఉందమ్మా" అంది. ఆ మాట తర్వాత నేనూ చాలామందికి నాదే అన్నట్టు చెప్పుకున్నాను.

ఆ ఓపిక ఎలా ఉండేదంటే, తెల్లారగట్ల పెద్ద మట్టికుండలో అడుగున ఎముకలు, వాటి మీద పసుపూ ఉప్పూ పట్టించిన ముక్కలు, ఆపైన గుమ్మడికాయ, కంద, పెరట్లో కాసిన చిక్కుళ్ళు, ఏది దొరికితే అది వేసేది. తోటలో చెట్లకు పాకిన మిరియాలు, దంచిన అల్లం, కాసిని నీళ్ళు. చోడిపిండి, అదే రాగిపిండి, గట్టిగా కలిపి మూత చుట్టూ మెత్తేసేది. పొయ్యిలో మంట ఉండకూడదు. నిప్పుల మీద ఎండిన కాఫీ పొట్టు పోసి, దాని మీద బూడిద కప్పి వదిలేస్తే అది సాయంత్రందాకా రాజుకుంటూనే ఉంటుంది. మేమంతా కాఫీ పళ్ళు కొయ్యడానికి తోటకు పోయేవాళ్ళం. పొగమంచు దిగేవేళకు తిరిగి వస్తుంటే మలుపులోనే వాసన ఎదురొచ్చేది. ఎంత ఆకలేసినా ఎవరూ ముట్టుకోకూడదు. ఇంటిల్లిపాదీ వచ్చాకే మూత తియ్యాలి. చివర వచ్చినవాళ్ళే కత్తి పిడితో ఆ చోడిపిండి పెచ్చును కొట్టాలి, ఆ పెచ్చు వాళ్ళదే. రోజంతా లోపలి ఆవిరి పీల్చుకుని, బయట కరకరలాడుతూ, లోపల పులుసు ఊరి ఉండే ఆ పెచ్చు రుచి ఎలా చెప్పను! మా మరిది దానికోసం కావాలనే చివర వచ్చేవాడు. ఇంటి వెనక అరటిచెట్ల చాటున నిలబడి, మేమందరం లోపలికి వెళ్ళాక, పరుగెత్తి అలిసినట్టు రొప్పుతూ వచ్చేవాడు. మా ఆయన తిట్టేవారు. మా అత్త మాత్రం, "పోనీలెండి, మనం ఉన్నామన్న ధీమాతోనే కదా ఆడు ఆలస్యంగా వత్తాడు" అనేది.

అలాంటివాడికి రోడ్డు పనుల్లో ఉద్యోగం వచ్చి పెదబయలు వెళ్ళాడు. అక్కడే కొండ రైతుల అమ్మాయిని ఇష్టపడ్డాడు. వాళ్ళ ఇంట్లో పెద్దమాంసం గడప తొక్కదు, ఇలవేలుపుకు పడదు. తినడం మానేస్తానని పిల్ల తండ్రికి మాట ఇచ్చి పెళ్ళి చేసుకున్నాడు. మా అత్త పిల్ల బాగుందనీ, పనిమంతురాలనీ అందరికీ చెప్పుకుంది. సంతలో ఎవరో, వాళ్ళు ఆ వాసన తగిలినా తలస్నానం చేస్తారని చెప్పినప్పుడు మాత్రం, ఆ పూట పోగు కొనకుండానే ఇంటిదారి పట్టింది.

పెళ్ళయిన కొన్ని నెలలకు, ఆదివారం సాయంత్రం అన్నానికి వస్తున్నానని బస్సు కండక్టరు చేత కబురు పంపాడు. ఒక్కడే వస్తున్నాడు. మా అత్త ఆ ఆదివారం ఎప్పటిలాగే కుండ పెట్టింది, ఇంట్లో మాకు ఆదివారం పూట అది లేకపోతే ఎలా? కానీ పొద్దు ఇంకా ఉండగానే, "బేగి తినీయండి, ఆడొచ్చీసరికి వాసన పోవాల" అంటూ తనే కత్తి పిడితో పెచ్చు కొట్టేసింది. మేము గబగబా తిన్నాం. పెచ్చును ఎవరూ ముట్టుకోలేదు, పొయ్యి పక్కన బూడిదలో పడి ఉంది. కిటికీలు తీసి, నేల పేడతో అలికి, కొత్త కుండ తెచ్చి, అందులో ఒట్టి కూరగాయలు వండి, దానికీ చోడిపిండి మెత్తింది. కొడుకు ఇచ్చిన మాట తన చేతిమీదుగా పోకూడదని ఆమె తాపత్రయం. అంతకంటే మర్యాద ఏముంటుందని నేనూ మెచ్చుకున్నాను.

మా మరిది వచ్చాడు. అరటిచెట్ల చాటున కాసేపు నిలబడ్డాడేమో కూడా, పంచెకు ఆ ఆకుల తడి ఉంది. నవ్వుతూ లోపలికి వచ్చి పొయ్యి వైపు చూశాడు. బూడిదలో పెచ్చు కనబడింది.

"నాను రాకముందే ఇప్పీసినారేటి?" అన్నాడు.

"నీకు ఏరేగా ఒండాను నాయనా, కొత్త కుండలో" అంది మా అత్త, సంబరంగా.

అతను కూర్చుని తిన్నాడు. కొత్త కుండ పెచ్చు తనే కొట్టాడు, కొంచెం కొరికి ఆకు పక్కన పెట్టాడు. బాగుందమ్మా అన్నాడు. చివరి బస్సుదాకా ఉండకుండా, జీపు దొరుకుతుందని లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అతను మా ఇంట్లో అన్నం తినలేదు. గుమ్మలక్ష్మీపురానికి బదిలీ అయింది. ఎప్పుడైనా వస్తే గుమ్మంలోనే నిలబడి, మంచినీళ్ళు తాగి, తల్లి చేతిలో బెల్లమో అరటిపళ్ళో పెట్టి వెళ్ళేవాడు. పెళ్ళాం తిననివ్వదని మా అత్త అనుకుంది. అలా అనుకుని కూడా కోడలిని ఒక్క మాట అనలేదు. కానీ ఆనాటి నుంచి ఆమె కుండ మూత తియ్యడం ఆలస్యం చెయ్యడం మొదలుపెట్టింది. అందరం వచ్చి కూర్చున్నా, "సివరి బస్సు పోనీండి" అనేది. మా ఆయన విసుక్కునేవారు. నేను పిల్లలకు ముందే అంబలి పోసి పడుకోబెట్టేదాన్ని. చివరి బస్సు కొండ దిగిపోయిన చప్పుడు వినిపించాక లేచి, తనే కొట్టేది. అలా కొన్నేళ్ళు ఆగి ఆగి, ఎనభైల్లో ఒక వానాకాలంలో కన్నుమూసింది.

మా మరిది కూడా ఎక్కువ కాలం బతకలేదు. అతని పెద్దకర్మ రోజున నా తోడికోడలు నా పక్కన కూర్చుని, ఉన్నట్టుండి, "అక్కా, ఆ పెచ్చు ఎలాగుంటాది?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. "మా నాన్నకిచ్చిన మాట మా గడప లోపలికే అక్కా. ఆల్లమ్మ కుండకి నానేటి అడ్డు? ఆ ఆదివారం నానే ఎల్లమన్నాను. తినీసి, గెడ్డ నీళ్ళలో తానం సేసి ఇంటికొచ్చీయమన్నాను. పొద్దున్నుంచీ ఏటీ తినకుండా ఎల్లారు. తిరిగొచ్చాక అడిగితే, 'సుట్టపోడికి ఒండినట్టు ఒండింది మా అమ్మ' అన్నారు."

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. పోయినవాడి కోసం కాదు, దోషమన్నది ఎవరి దగ్గరా లేకుండా పోయినందుకు. ఒకరి తప్పుంటే తిట్టుకునైనా తేలికపడేవాళ్ళం. తల్లి కొడుకు మాట నిలబెట్టాననుకుంది, కొడుకు తల్లి తనను వేరు పెట్టిందనుకున్నాడు. ఇద్దరూ అడిగితే ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని అడగలేదు.

నిన్న సాయంత్రం మా అల్లుడు ఆకలేసి ఆ గాజు మూత మీద చెయ్యి వేస్తే గట్టిగానే కసిరాను. అమ్మాయి రానీ అన్నాను. ట్రాఫిక్కులో చిక్కుకుని మా మనవరాలు బాగా ఆలస్యంగా వచ్చింది. "ఇంకా తినలేదా మీరు? అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది కదా!" అంటూ మూత తీసింది. ముక్క మెత్తగానే ఉంది, మిరియం ఘాటు చాలలేదు, కొట్టుకోవడానికి పెచ్చూ లేదు. కూర ఎంతసేపు కాగినా చెడదు. మా అత్త జన్మలో ఒక్క సాయంత్రం వేళకు ముందు మూత తీసింది, ఆ తర్వాత ఎన్ని బస్సులు పోయేదాకా ఆగినా ఆ వేళ మళ్ళీ రాలేదు.