వాల్వక్క ఎడమ చెవి

నీటి సరఫరా ఆఫీసులోని ఫిర్యాదుల గదిలో ఏడేళ్లు ఆమె పక్క సీటు నాది. అందరం ఆమెను వాల్వక్క అనేవాళ్లం. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేవాళ్లు లేరు కనకే రాస్తున్నాను.

వాల్వక్క మొదట్లో అదే ఆఫీసు మేడ మీద డ్రాయింగ్ సెక్షన్‌లో పటాలు గీసేది. భూమి కింద ఏ పైపు ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ వాల్వు ఏ గోడ పక్కనుందో చూపించే పటాల్లో సగానికి సగం ఆమె చేత్తో గీసినవే. ముప్ఫై రెండో ఏట కంటి వెనక పొర ఎండిపోవడం మొదలైంది. ముందు సన్నగీతలు కనబడకుండా పోయాయి, తర్వాత లావు గీతలు, ఆఖరికి కాగితమే కనిపించకుండా పోయింది. ఉద్యోగంలోంచి తీసేయడానికి వీల్లేక కింద ఫోన్ల గదికి పంపారు. ఏదో మూల కూర్చుంటుందిలే అనుకున్నారు. ఆవిడ మూల కూర్చునే రకం కాదు.

ఆమె మరిది కంప్యూటర్లు బాగుచేసేవాడు. మా ఆఫీసు కంప్యూటర్లలో ఉన్నది ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్. కంప్యూటర్ తెరవగానే కనిపించే ముఖమంతా, అంటే కిటికీలు, మెనూలు, అడుగున పట్టీ, ఇవేవీ ఒక కంపెనీ సొత్తు కావు. ఎక్కడెక్కడి వాళ్లో తీరిక వేళల్లో రాసి అందరికీ ఊరికే ఇస్తారు. తెర మీది అక్షరాలను పైకి చదివే ప్రోగ్రామ్ కూడా అందులోనే ఉందని మరిది కనిపెట్టాడు. ఒకే హెడ్‌ఫోన్‌కి రెండు తీగలు అతికించి తెచ్చి ఇచ్చాడు. ఎడమ చెవిలో కంప్యూటర్, కుడి చెవిలో ఫోను.

ఒకసారి ఆ ఎడమ చెవిది నేనూ పెట్టుకుని విన్నాను. రేకుల మీద వడగళ్లు పడ్డట్టు టకటకటక. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"మరీ ఇంత స్పీడా అక్కా?"

"నెమ్మదిగా చెప్తే నిద్రొస్తుందే," అని నవ్వింది.

మా గదిలో అందరికంటే ఎక్కువ ఫిర్యాదులు ఎక్కించేది ఆమే. ఫోన్ చేసినవాళ్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే, ఈమె నిదానంగా అడిగేది.

"నీళ్లు టైలర్ కొట్టు ముందా, వెనకా?"

"ముందేనండీ. అయినా మీకెలా తెలుసు?"

"అక్కడ పైపు వంపు నేనే గీశాను బాబూ. వంకరగా వేయొద్దంటే వినలేదు వాళ్లు."

ఆ కొట్టు దగ్గర ఏ వాల్వు కట్టాలో కూడా ఫిర్యాదు కింద టైప్ చేసేది. పైపుల పనివాళ్లు తిన్నగా వెళ్లి దాన్నే తిప్పేవాళ్లు.

ఒక వేసవి మొదట్లో పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. డెస్క్‌టాప్ కొత్త విడుదల నాలుగు నెలల్లో వస్తోంది, ఆ తర్వాత పాతదానికి మరమ్మతులు ఆగిపోతాయి, కాబట్టి అన్ని కంప్యూటర్లూ కొత్తదానికి మారాలి అని. మాకు సంబరమే. కొత్తది అందంగా ఉంటుందట, త్వరగా తెరుచుకుంటుందట. వాల్వక్కకీ సంబరమే. విడుదలకు ముందే వాళ్లు ప్రయోగానికి వదిలిన కూర్పును మరిది తెచ్చి ఇంట్లో కంప్యూటర్‌లో ఎక్కించాడు.

మర్నాడు ఆమె మామూలు కంటే ముందే వచ్చి కూర్చుంది.

"ఎలా ఉందక్కా కొత్తది?"

"ఏమో. మాట్లాడలేదు."

నాకు అర్థం కాలేదు. ఆమే విడమరిచి చెప్పింది. పాత డెస్క్‌టాప్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా పక్క ప్రోగ్రామ్‌లోకి తొంగిచూడొచ్చు. దొంగలకీ అదే దారి. అందుకని కొత్తదాంట్లో మధ్య తలుపులన్నీ మూసేశారు. చదివి వినిపించే ప్రోగ్రామ్ బతికేదే అలా తొంగిచూసి. ఇప్పుడు దానికి కిటికీ పేరొక్కటి వినబడుతోంది, లోపలేముందో తెలియడం లేదు.

"అంటే దానికీ కళ్లు పోయాయన్నమాట," అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె ఏమీ అనుకోలేదు.

ఆ డెస్క్‌టాప్ రాసేవాళ్లు, వాడేవాళ్లు మాట్లాడుకునే వేదిక ఒకటి నెట్‌లో ఉంది. భోజనాల వేళ ఆమె అందులోకి వెళ్లేది. నేనూ పక్కనుంచి తెర మీద చదివేదాన్ని. అప్పటికి అక్కడ అందరూ విడుదల రోజు కోసం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నారు. కిటికీల మూలలు గుండ్రంగా ఉండాలా, పలకలుగా ఉండాలా అన్నదాని మీద మూడు వందల నలభై జవాబులు. ఒకాయన పలక మూలల కోసం ఏడ్చినంత పని చేశాడు. అడుగు పట్టీ ఎడం పక్కకి జరపాలన్నవాణ్ణి పదిమంది కలిసి ఉతికి ఆరేశారు. ఆ గోలలో వాల్వక్క తన ఉత్తరం పెట్టింది. తన పనేమిటో, రెండు చెవుల సంగతేమిటో, కొత్తది వస్తే ఏం పోతుందో పన్నెండు వాక్యాల్లో రాసింది.

పదకొండు జవాబులు వచ్చాయి. చాలామంది అయ్యో అన్నారు. ఒకతను మాత్రం రాశాడు: "భద్రత ముఖ్యం. ఇంటికి తలుపులు వద్దంటారా?"

వాల్వక్క వేళ్లు ఆగకుండా కొట్టాయి: "వద్దనలేదు. నేను లోపల ఉండగా బయట తాళం వేశారు, అది చూడమంటున్నాను."



నాలుగో రోజున ఆ చదివే ప్రోగ్రామ్‌ని చూసుకునే మనిషి వచ్చాడు. అక్కడ అతని పేరు నత్త. జవాబివ్వడానికి ఎప్పుడూ ఆలస్యం చేస్తాడని ఎవరో పెట్టిన పేరును అతనే ఉంచేసుకున్నాడు. పగలంతా ఎక్కడో గిడ్డంగిలో సరుకు చూసుకుంటూ, మిగిలిన వేళల్లో ఈ పని చేస్తాడట. ఆరేళ్లుగా ఒక్కడే. "దారి తెలిసింది, సగం రాశాను. చెప్పిన తేదీ దాటి ఇంకో రెండు నెలలు కావాలి. విడుదల ఆపితే పూర్తి చేస్తాను," అని రాశాడు.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. ఆపాలన్నవాళ్లు, వద్దన్నవాళ్లు. రెండేళ్లుగా ఎదురుచూస్తున్నామని కొందరు, కొద్దిమంది కోసం అందర్నీ ఆపుతారా అని ఇంకొందరు. ఆఖరికి విడుదల చూసే పెద్దలు ఒక గురువారం మధ్యాహ్నం సమావేశమై నిర్ణయం చెప్తామన్నారు.

ఆ మధ్యాహ్నం వాల్వక్క అన్నం డబ్బా మూత తీయలేదు. నేను తెర చూడడం మానేసి ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. ఎడమ చెవిలో వడగళ్లు పడుతూనే ఉన్నాయి. ఆమె తల కొద్దిగా వంచి వింది. తర్వాత హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"చెప్పిన తేదీకే వస్తుందట. నా సంగతి 'తెలిసిన లోపాలు' అన్న జాబితాలో వేశారు. మర్యాదగానే రాశారే."

మర్నాడు ఇద్దరం మా ఆఫీసర్ దగ్గరికి వెళ్లాం. ఆయన చెడ్డవాడేం కాదు. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టాడు.

"ఈ ఒక్క కంప్యూటర్‌కి పాతదే ఉంచండి సార్," అంది ఆమె.

"నా చేతుల్లో ఉంటే ఉంచనా అమ్మా? ఒక్కదాంట్లో పాతది ఉన్నా తనిఖీవాళ్లు ఊరుకోరు. మీరు ఫోన్ తీసుకుని పైకి చెప్పండి, ఈ అమ్మాయి ఎక్కిస్తుంది. కొన్నాళ్లేగా."

ఈ అమ్మాయి అంటే నేను. సరేనన్నాను. నా ఫోన్లు నేను తీసుకుంటూ ఆమెవి కూడా ఎలా ఎక్కించగలనో ఆయనా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

విడుదల రోజు వేదికంతా పండగలా ఉంది. మా ఆఫీసులో ఆదివారం వచ్చి కంప్యూటర్లన్నీ మార్చి వెళ్లారు. సోమవారం పొద్దున వాల్వక్క అలవాటుగా రెండు చెవులకీ పెట్టుకుంది. ఎడమ చెవిలో కిటికీ పేరొకటి పలికి ఊరుకుంది. అయినా ఆమె ఆ వైపు తీసేయలేదు. నెలంతా అలాగే పెట్టుకుని కూర్చుంది.

అరగంటకొకసారి నా వైపు తిరిగేది. "ఖాళీ అయ్యావా?" నేను ఖాళీ అయ్యేసరికి ఆమె చేతిలో మూడు ఫిర్యాదులు జమయ్యేవి. వీధి, ఇంటి గుర్తు, ఫోన్ నంబరు అన్నీ గుర్తుపెట్టుకుని అప్పజెప్పేది. ఒక్కటీ తప్పేది కాదు. కానీ రోజుకి తొంభై ఎక్కించే మనిషి ముప్ఫైకి దిగింది, నేనూ సగానికి పడ్డాను.

ఐదో వారంలో పెద్ద పైపు పగిలింది. ఆసుపత్రి వీధి నుంచి ఎవరో ఆమెకే ఫోన్ చేశారు. నేను ఇంకో ఫోన్‌లో, ఒక ముసలాయన అరుపుల మధ్య ఇరుక్కుని ఉన్నాను. గదిలో మిగతావాళ్ల ఫోన్లూ ఆగకుండా మోగుతున్నాయి. ఆమె ఆగలేక పనివాళ్ల మేస్త్రీకి నేరుగా ఫోన్ చేసింది.

"ఆసుపత్రి వెనక గోడ పక్కది, రెండో వాల్వు. వెంటనే కట్టేయ్ తమ్ముడూ."

"ఫిర్యాదు నంబరు చెప్పక్కా."

"నంబరు తర్వాత ఇస్తాలే, ముందు వెళ్లు."

"నంబరు లేకుండా మనుషుల్ని గోతిలోకి దింపితే నా మెడకి చుట్టుకుంటుందక్కా. నీకు తెలియందా?"

నేను నంబరు తీసి ఇచ్చేసరికి నలభై నిమిషాలు గడిచాయి. ఈలోగా ఆ వీధిలో మెట్ల కింద చెప్పులు కుట్టే ఆయన గదిలోకి నడుం లోతు నీళ్లు చేరాయి. తోళ్లన్నీ పోయాయి. ఆయన ఆఫీసుకొచ్చి ఎవరినీ తిట్టలేదు. గుమ్మంలో తడి చేతులతో నిలబడ్డాడు. ఆయన గుమ్మంలో ఉన్నాడని వాల్వక్కకి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె లేచి గుమ్మం వైపు తిరిగి, "తప్పు నాదే బాబూ," అంది.

వారానికి ఆమెకు మెమో వచ్చింది. అదీ అచ్చు కాగితం మీద. నేనే చదివి వినిపించాను. ఫిర్యాదును సకాలంలో నమోదు చేయడంలో నిర్లక్ష్యం, అని ఉంది. ఆ మాట దగ్గర ఆగాను.

"చదవవే, ఆగుతావేం? నువ్వు రాశావా ఏంటి?" అంది.

నిజమే, నేను రాయలేదు. కానీ ఆ నలభై నిమిషాల్లో ముసలాయనతో మాట్లాడుతున్న ఫోన్ పెట్టేసి నేను ఆమె వైపు తిరిగి ఉండాల్సింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఎప్పుడూ అనలేదు.

తర్వాత ఆమెను టపా సెక్షన్‌కి మార్చారు. కవర్లు మడిచి జిగురు అంటించే పని. వేళ్లతో తడిమి చేసేయొచ్చని ఆఫీసర్ మంచి మనసుతోనే చెప్పాడు.

నత్త దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇంటి దగ్గర కంప్యూటర్‌లో మరిది మళ్లీ పాత డెస్క్‌టాప్‌నే పెట్టాడు కాబట్టి ఆమె వినగలిగింది. అతని భార్యకు జబ్బు చేసిందట, ఇక ఈ పని చేయలేనట, సగంలో వదిలేస్తున్నందుకు క్షమించమని రాశాడు. ఏం జవాబిచ్చావని అడిగాను.

"ఆరేళ్లు నా చెవిలో మాట్లాడారు, ఇక పడుకోండి అని రాశాను."

పది నెలలకు వేరేవాళ్లెవరో ఆ సగం పని అందుకున్నారు. మరిది ఆశగా తెచ్చి ఎక్కించాడు. మెనూలు చదివింది. ఫిర్యాదు ఫారంలోని గడులు మాత్రం చదవలేదు. చదివినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. అప్పటికే ఆమె సీటు తీసేసి, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే రికార్డు గొంతు పెట్టారు. ఆ ఏడాది చివర ఆరోగ్యం బాగాలేదని రాసిచ్చి ఆమె ముందుగానే రిటైరైంది. ఆమె గీసిన పటాల్ని కూడా ఎవరో స్కాన్ చేసి, కాగితాలు పారేశారని విన్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళ్లాను. వాళ్లాయన తలుపు తీశాడు.

"పడుకుందమ్మా. ఈ మధ్య పగలు కూడా ఎక్కువగా పడుకుంటోంది. లేపనా?"

వద్దన్నాను. కానీ ఆమె నా గొంతు పోల్చుకుని గోడ పట్టుకుంటూ వచ్చింది. కాసేపు నా పిల్లల చదువులు, ఎండల గురించి మాట్లాడుకున్నాం. ఆఫీసు మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మధ్యలో మాటలు ఆగిపోయినప్పుడు, ఇంకా ఉన్నానా లేచి వెళ్లిపోయానా అన్నట్టు చెయ్యి చాపి తడిమింది. నా చెయ్యి అందించాను. లేచేటప్పుడు, "మళ్లీ రావే," అంది. వస్తానన్నాను. మళ్లీ వెళ్లలేదు.