నంబరు వెయ్యని ఇల్లు

మా వీధి మూలమీది ఇంట్లో ఉండే అంకుల్ గత మంగళవారం పొద్దున చనిపోయారు. ఈ పరాయి దేశంలో, క్లైడ్ నార్త్ అనే మా పేటలో, వీధివాళ్ళకి ఒక ఫేస్‌బుక్ గ్రూపు ఉంది, కబురు అందులోనే ఆయన కొడుకు పెట్టాడు. కింద ఒక విన్నపం కూడా రాశాడు. నాన్నకి ఇష్టమైన ఫొటో మీ అందరికీ తెలుసు, మా దగ్గరున్నది పెద్దది చేస్తే మసకబారిపోతోంది, తీసినవాళ్ళు దయచేసి అసలుది పంపండి అని.

ఆ ఫొటో తీసింది నేను. మూడేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

అప్పటికి మేం ఈ ఇంట్లో దిగి నెల కూడా కాలేదు. మేడమీద గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నాను. కాలిబాట మీద ఒక పెద్దాయన మా కంచె దగ్గర వంగి, ఒక కన్ను మూసి, రెండో కంటితో లోపలికి చూస్తున్నారు. వెళ్ళిపోయి మళ్ళీ వచ్చి చూశారు. నాకు భయం వేసింది. కిటికీలోంచే ఫొటో తీసి, ముఖం కనబడేలా కత్తిరించి, "ఈయనెవరో తెలుసా? ఇళ్ళలోకి తొంగి చూస్తున్నారు, జాగ్రత్త" అని నా పేరు కనపడకుండా గ్రూపులో పెట్టాను. మనవాళ్ళలాగే ఉన్నారని తెలిసీ పెట్టాను. అందుకే సిగ్గు ఎక్కువ.

మర్నాడు తీసేశాను గాని అప్పటికే ఆ ఫొటో ఫోన్లన్నీ తిరిగింది. గొడవెందుకని కొడుకు ఆయన్ని నడకకు వెళ్ళనివ్వడం మానేశాడని తర్వాత తెలిసింది.

రెండు వారాలకి మా ఇంటి బెల్లు మోగింది. ఎదురుగా ఆయన, చేతిలో కాగితం మీద ప్రింటు తీయించుకున్న ఆ ఫొటో.

"నువ్వు లాయరాఫీసులో పనిచేస్తావంట గదమ్మా. ఒక డౌటు. అడక్కుండా మన ఫొటో తీయొచ్చునా ఈ దేశంలో?"

"రోడ్డు మీద ఉన్నవాళ్ళని తియ్యొచ్చు అంకుల్, చట్టం అడ్డు చెప్పదు" అన్నాను. అప్పటికే నాకోసం నేను వెతికి పెట్టుకున్న జవాబు అది.

కోప్పడతారనుకున్నాను. ఆయన లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సరే. నేను మా వాకిట్లో నిలబడి ఉంటే? ఇంటి లోపల ఉంటే? మరి ఎవురన్నా ఇంట్లో నుంచి రోడ్డు మీదికి తీస్తే?"

ఉలిక్కిపడి చూశాను. ఆయన ముఖంలో తెలుసుకోవాలన్న ఆరాటం తప్ప ఇంకేమీ కనబడలేదు. తెలిసింది చెప్పాను, తెలియనిది మా లాయరుగారిని అడిగి చెప్పాను. బట్టలు మార్చుకునేచోట, ఒకరి ఏకాంతంలో దొంగచాటుగా తీస్తే నేరం. ప్రైవసీ చట్టం ఎక్కువగా ప్రభుత్వాన్నీ పెద్ద కంపెనీలనీ చూస్తుంది, ఫోను పట్టుకున్న పొరుగువాళ్ళని కాదు. తర్వాతెప్పుడో, మరీ ఘోరంగా చొరబడితే కోర్టుకెళ్ళే హక్కు కొత్తగా వచ్చిందని పేపర్లో చూసి, అదేమిటో చెప్పమని మళ్ళీ వచ్చారు. అంతా విని ఒకరోజు తేల్చేశారు.

"అంటే తీసేదానికి హద్దు ఉండాదమ్మా. తీసినాక దాన్నేం చేస్తారో, దానికే ఎవురూ సరిగ్గా హద్దురాయి నాటలే."

హద్దురాళ్ళ భాష ఆయనకి ఊరికే రాలేదు. కడప జిల్లాలో సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. ఆరోజు మా ఇంట్లోకి తొంగి చూడలేదు, కంచె వరస చూశారు. "మీ కంచె ఆ చివర రెండంగుళాలు పక్కింట్లోకి పోయింది, చూసుకో" అని నాకే చెప్పారు. వచ్చినప్పుడల్లా కాఫీ ఇచ్చేదాన్ని. చక్కెర లేకుండా, లోటాలోనే తాగేవారు.

ఫొటో మీద ఆయనకి కోపం లేకపోగా ముచ్చట. "ముప్పై ఏండ్లు ఎండలో భూములు కొలిచినా. పనిలో ఉన్నప్పుడు నన్నెవురూ ఫొటో తీయలే. ఎవురో గాని బాగా తీసినారు."

అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. "ఇంకొంచెం కాఫీ ఇమ్మంటారా" అన్నాను.

ఆ కాగితం జేబులో పెట్టుకుని మళ్ళీ నడక మొదలుపెట్టారు. ఎదురైన ప్రతివాళ్ళకీ తీసి చూపించి, "దిస్ మ్యాన్, మీ!" అని నవ్వేవారు. మొదట బిత్తరపోయినవాళ్ళే తర్వాత పేరుపెట్టి పలకరించారు, తమ కంచెలు చూపించుకున్నారు. నేను అంటించిన అనుమానాన్ని ఆయన ఇల్లిల్లూ తిరిగి స్వయంగా తుడుచుకున్నారు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

కొడుకు విన్నపం చదివాక, మళ్ళీ పేరు లేకుండా పంపేద్దామా అనిపించింది. వేలు ఆ బటన్ దాకా వెళ్ళింది కూడా. ఫోను మూసి వాళ్ళింటికి నడిచాను.

"ఆ ఫొటో నేనే తీశాను. గ్రూపులో పెట్టిందీ నేనే. క్షమించు" అన్నాను.

"అప్పుడు చాలా హర్టయినాం అక్కా" అన్నాడు. తర్వాత నా ఫోనులో అసలు ఫొటో చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరు తీసినారో నాన్న లాస్ట్ వరకూ ఫైండవుట్ చెయ్యలేదు పాపం" అంటూ మడతలు పడి మెత్తబడ్డ ఆ పాత కాగితం తెచ్చాడు. "వెనకాల ఏదో మ్యాప్ గీసుకున్నాడు. మాకేం అర్థం కాలా."

కాగితం తిప్పి చూశాను. పెన్సిల్‌తో గీసిన మా వీధి. కాలిబాట మీద ఆయన నిలబడ్డచోట ఒక ఇంటూ గుర్తు. ఒక మేడ కిటికీ నుంచి ఆ గుర్తు దాకా స్కేలు పెట్టి గీసిన గీత, పక్కనే కోణం లెక్క. మూల నుంచి మూల దాకా ఒక్కో ఇంటికీ శ్రద్ధగా నంబరు వేసుకున్నారు. గీత మొదలైన ఇంటికి మాత్రం వెయ్యలేదు.